పాస్టరుగారు పాత దేవతల మీద నవల ఎందుకు రాశారు? ఎస్తోనియా రచయిత అయిన్ కాల్ముస్ గురించి

మీ ప్రశ్న ఇది: "ఎస్తోనియా నుంచి పారిపోయి అమెరికాలో స్థిరపడిన అయిన్ కాల్ముస్ అనే బాప్టిస్టు పాస్టరు చాలా నవలలు రాశారని విన్నాను. వాటిలో ఒకదాని పేరు 'దేవతలు నేలను విడిచి వెళ్తున్నారు' అట. క్రైస్తవం రావడం వల్ల పాత దేవతలు వెళ్లిపోయారని ఒక పాస్టరే రాయడమేమిటి? ఆయన విశ్వాసం సడలిందా? ఆయన జీవితం గురించి వివరంగా చెప్పగలరా?"

సడలలేదు. ఆయన బాప్టిస్టు కాబట్టే ఆ నవల రాయగలిగారని నా గట్టి అభిప్రాయం. చాలా ఏళ్లు చర్చి చరిత్ర పాఠాలు చెప్పాను. బాల్టిక్ దేశాల చరిత్ర మీద నాకు మొదటి నుంచీ మక్కువ ఎక్కువ. కాల్ముస్ మాట ఎప్పుడు వచ్చినా ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. దీనికి జవాబు కావాలంటే ఆయన జీవితంతో పాటు, ఆయన పుట్టడానికి ఏడు వందల ఏళ్ల ముందు జరిగిన సంగతులు కూడా తెలియాలి. అందుకే జవాబు కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

అయిన్ కాల్ముస్ అనేది కలం పేరు. అసలు పేరు ఎవాల్డ్ మ్యాండ్. 1906లో హియుమా దీవిలో ఎమ్మాస్టె ప్రాంతంలో పుట్టారు. ఎస్తోనియాలో రెండో పెద్ద దీవి అది, బాల్టిక్ సముద్రంలో దేశానికి పడమటి అంచున ఉంటుంది. చేపలు పట్టడం, ఓడల మీద పనికి వెళ్లడం, రాళ్ల నేలలో కాస్త వ్యవసాయం. అక్కడి బతుకంతా దాదాపు అంతే. దీవిలో కోపు అనే చోట 16వ శతాబ్దంలో కట్టిన దీపస్తంభం ఇప్పటికీ నిలబడి ఉంది. ఎస్తోనియా అప్పట్లో రష్యా జారు చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. భూములన్నీ జర్మన్ జమీందార్ల చేతుల్లో ఉండేవి. ఆ ప్రాంతంలో రైతులకు వెట్టి నుంచి చట్టప్రకారం విముక్తి వచ్చింది 1816లోనే అయినా, కాగితం మీది విముక్తి కడుపులోకి రావడానికి ఇంకో రెండు మూడు తరాలు పట్టింది.

ఆ దేశంలో చర్చి అంటే లూథరన్ చర్చి. మన దగ్గర లూథరన్ అంటే గుంటూరు, రాజమండ్రి, అక్కడి బళ్లు, ఆసుపత్రులు గుర్తొస్తాయి. అక్కడ మాత్రం లూథరన్ చర్చి అంటే దొరల చర్చి. పాస్టర్లలో ఎక్కువమంది జర్మన్లే. ఏ పల్లెకు ఎవరు పాస్టరుగా రావాలో చెప్పే హక్కు చాలాచోట్ల జమీందారుదే. బిడ్డ పుట్టగానే బాప్తిస్మం, చచ్చాక చర్చి దొడ్లో సమాధి. మధ్యలో ఆ రైతు ఏమనుకుంటున్నాడో అడిగినవాళ్లు లేరు. లూథరన్లలోనూ మంచి పాస్టర్లు ఉన్నారు, కాదనను. 1739లో ఎస్తోనియా భాషలో పూర్తి బైబిలు అచ్చయిందంటే అది వాళ్ల చలవే. ఆ భాషలో వచనానికి ఆ బైబిలు పెద్ద దిక్కయింది. కానీ పల్లె జనానికి, చర్చికి మధ్య దూరం మాత్రం అలాగే ఉండిపోయింది.

1870లలో పడమటి తీరానికి స్వీడన్ నుంచి ఇద్దరు ముగ్గురు బోధకులు వచ్చారు. ఆ తీరంలోనూ దీవుల్లోనూ స్వీడిష్ మాట్లాడే ఊళ్లు ఉండేవి, వాళ్లు వచ్చింది ఆ ఊళ్లకే. అక్కడ మొదలైన ఉజ్జీవం, అంటే విశ్వాసం కొత్తగా రగలడం, చుట్టుపక్కల ఎస్తోనియన్లలోకి పాకింది. ఇళ్లలో కూడికలు, పాటలు, రైతులే లేచి సాక్ష్యం చెప్పడం, జమీందారు అనుమతి లేకుండా ప్రార్థన. 1884లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఆడమ్ షీవె అనే జర్మన్ బోధకుడు హాప్సాలు పట్టణానికి వచ్చి బాప్తిస్మాలు ఇచ్చాడు. ఎస్తోనియాలో బాప్టిస్టు సంఘం చరిత్ర ఆ ఏడాదితో మొదలవుతుంది. అంతకు ఆరేళ్ల ముందే, 1878 జూలై 3న, మన ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. రెండు చోట్లా ముందుకు వచ్చినవాళ్లు పేదలే. ఒంగోలులో మాదిగలు, హాప్సాలు చుట్టుపక్కల కూలీలు, చిన్న రైతులు.

బాప్టిస్టు అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. శిశువుకు బాప్తిస్మం ఇవ్వడం వీళ్లు ఒప్పుకోరు. వయసు వచ్చాక, సొంతంగా నమ్మి, నోటితో చెప్పి, నీళ్లలో మునగాలి. ఇది నీళ్లు చిలకరించాలా, ముంచాలా అన్న గొడవ అనుకుంటారు చాలామంది. అసలు సంగతి అంతకన్నా లోతైనది: ఒకడి తరఫున ఇంకొకడు నమ్మలేడు. తండ్రి గానీ రాజు గానీ సైన్యం గానీ మనిషి చేత విశ్వాసం పెట్టించలేరు. 1612లోనే తామస్ హెల్విస్ అనే ఇంగ్లిష్ బాప్టిస్టు, ముస్లింలను గానీ యూదులను గానీ మతభ్రష్టులని పేరుపడ్డవాళ్లను గానీ విశ్వాసం పేరుతో శిక్షించే హక్కు రాజుకు లేదని పుస్తకం రాశాడు. దానికి ప్రతిఫలంగా లండన్ జైల్లోనే ప్రాణం పోయింది. బాప్టిస్టు సంఘంలో పెరిగినవాడికి ఈ మాట ఉగ్గుపాలతో అబ్బుతుంది. కాల్ముస్‌ను అర్థం చేసుకోవడానికి ఇదే తాళంచెవి.

ఎవాల్డ్ మ్యాండ్ కుర్రవాడిగా ఉన్నప్పుడే మొదటి ప్రపంచ యుద్ధం, రష్యా విప్లవం వచ్చాయి. 1918లో ఎస్తోనియా స్వతంత్రమైంది. ఆయన పెరిగిందీ చదివిందీ ఆ కొత్త దేశంలోనే. రాజధాని టాలిన్ దగ్గర కెయిలా ఊళ్లో బాప్టిస్టుల సెమినరీ ఉండేది, అక్కడ చదువుకుని పాస్టరయ్యారు. మొత్తం దేశ జనాభా పది లక్షల పైచిలుకు. అందులో బాప్టిస్టులు కొన్ని వేల మందే. అలాంటి చిన్న సంఘంలో పాస్టరంటే ప్రసంగం చెప్పి ఊరుకుంటే సరిపోదు. పత్రికకు రాయాలి, యువకులకు పాఠాలు చెప్పాలి, పాటలు కూర్చాలి. అక్కడి పాస్టర్లలో చాలామందికి కలం అలా అలవాటైనదే.

1940లో సోవియట్ సైన్యం వచ్చింది. సెమినరీ మూతపడింది. 1941 జూన్ 14న ఒక్క దెబ్బకు సుమారు పది వేల మందిని పశువుల పెట్టెల్లో సైబీరియాకు తోలారు. తర్వాత మూడేళ్లు జర్మన్ల ఆక్రమణ. 1944 శరదృతువులో ఎర్ర సైన్యం మళ్లీ వస్తోందని తెలియగానే జనం తీరం వైపు పరుగులు తీశారు. 70 వేలకు పైగా మనుషులు దేశం విడిచారు. వాళ్లలో పాతిక వేల మందికి పైగా స్వీడన్ చేరారు. ఎక్కువమంది వెళ్లింది చేపల పడవల్లో. ఇంజను ఉన్నవీ లేనివీ, పది మంది పట్టే దాంట్లో ముప్పై మంది. శరత్కాలంలో బాల్టిక్ సముద్రం మంచిది కాదు, పైన విమానాలు. సెప్టెంబరు 22న టాలిన్ పడిపోయింది. అదే రోజు శరణార్థులతో, గాయపడ్డవాళ్లతో వెళ్తున్న మొయెరో అనే ఓడను సోవియట్ విమానాలు ముంచేశాయి. ఎంతమంది సముద్రం పాలయ్యారో లెక్క చెప్పగలవాళ్లు లేరు.

మ్యాండ్ కూడా ఆ ఏడాదే స్వీడన్ చేరారు. 1946లో అక్కడి నుంచి అమెరికా వెళ్లారు. స్వీడన్ సురక్షితమైన దేశమే కదా, మళ్లీ ఎందుకు కదిలారు అని అడిగేవాళ్లుంటారు. ఆయన మనసులో ఏముందో చెప్పలేను గానీ, ఆ ఏడాది స్వీడన్‌లో ఎస్తోనియన్ల పరిస్థితి చెబుతాను. 1946 జనవరిలో స్వీడన్ ప్రభుత్వం, జర్మన్ యూనిఫాంలో వచ్చిన బాల్టిక్ సైనికులు సుమారు 150 మందిని సోవియట్‌కు అప్పగించింది. వాళ్లలో ఎక్కువమంది లాత్వియన్లు, ఎస్తోనియన్లు కొద్దిమంది. అప్పగించకముందు వాళ్లు నిరాహార దీక్షలు చేశారు, కొందరు తమను తాము గాయపరచుకున్నారు. ఆ వార్త శరణార్థుల శిబిరాల్లో పుట్టించిన టెన్షన్ అంతా ఇంతా కాదు. రేపు మామూలు జనాన్ని కూడా పంపిస్తారేమోనని కొందరు పాత పడవలు కొని, బాగుచేయించుకుని, అట్లాంటిక్ మీదికే దిగారు. 1945లో ఎర్మా అనే చిన్న తెరచాప పడవ పిల్లాపాపలు సహా 16 మందితో అమెరికా తీరం చేరింది. 1948లో వాల్నట్ అనే పాత ఓడ 347 మందితో కెనడాలో హాలిఫాక్స్‌కు వచ్చింది. వీళ్లలో చాలామందికి వీసాలు లేవు. ఒడ్డు చేరాక ఏమవుతుందో తెలియకుండానే బయల్దేరారు.

ఇక నవలల సంగతి. ఆయన ప్రధాన రచనలన్నీ పరాయి గడ్డ మీద వచ్చినవే. వాటిని రెండు పాయలుగా చూడొచ్చు. ఒకటి బైబిలు పాయ: 1950లో 'ప్రవక్త', 1953లో 'అగ్ని రథాలు', 1969లో 'యూదా'. రెండోది మధ్యయుగపు ఎస్తోనియా పాయ: 1956లో మీరడిగిన 'దేవతలు నేలను విడిచి వెళ్తున్నారు', ఎస్తోనియన్‌లో దాని పేరు 'యుమలద్ లాహ్కువద్ మాల్ట్'. 1958లో 'తూనే తూలెద్ ఊలె మా', అంటే నేల మీద వీచే మృత్యులోకపు గాలులు. 1964లో 'పొద్దుగూకేలోగా ఇంటికి'. చివరి పేరు ఒక్కటి చాలు, ఇరవై ఏళ్లుగా ఇంటికి దూరమైన పాఠకుడికి అది ఎక్కడ తగులుతుందో ఊహించుకోండి.

ఈ పుస్తకాలు ఎలా బతికాయన్నది కూడా తెలుసుకోవాలి. స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో 1950లో శరణార్థి రచయితలు ఒక సహకార ప్రచురణ సంస్థ పెట్టుకున్నారు. ఎస్తోనియా రచయితల కోఆపరేటివ్ అని దాని పేరు. నడిపినవాడు బెర్నార్డ్ కాంగ్రో అనే కవి. పాఠకులు ముందే చందా కట్టేవాళ్లు, స్టాక్‌హోం నుంచి టొరంటో దాకా, న్యూయార్క్ నుంచి సిడ్నీ దాకా పోస్టులో పుస్తకాలు వెళ్లేవి. కాల్ముస్ చారిత్రక నవలలు వచ్చింది అక్కడి నుంచే. రచయితలకు దాని మీద తిండి గడిచేది కాదు. కార్ల్ రిస్తికివి అంతటి నవలాకారుడు స్టాక్‌హోం దగ్గర ఆరోగ్య బీమా ఆఫీసులో గుమాస్తా పని చేశాడు. మహాకవయిత్రి మారీ ఉందెర్ ఒక థియేటర్ మ్యూజియం ఆర్కైవులో కాగితాలు సర్దింది. కాల్ముస్‌కు పాస్టరు పని ఉంది. ఆదివారం ప్రసంగం, పెళ్లిళ్లు, సమాధి కూడికలు, అవి అయ్యాక మిగిలిన వేళలో నవల. భాష తెలిసిన పది లక్షల మందిలో అత్యధికులు ఇనుప తెర అవతల, అంటే సోవియట్ ఏలుబడిలో ఉన్నారు, వాళ్లకు ఈ పుస్తకం చేరదని తెలిసే రాశారు. ఆ పట్టుదలకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

అసలు ప్రశ్నకు వస్తాను. 'దేవతలు నేలను విడిచి వెళ్తున్నారు' నవలకు వెనకనున్న చరిత్ర 13వ శతాబ్దం మొదటి పాతికేళ్లది. 1208 నుంచి 1227 దాకా కత్తి సోదరులనే జర్మన్ యోధ సన్యాసులు దక్షిణం నుంచి, డేన్లు, అంటే డెన్మార్క్ వాళ్లు, ఉత్తరం నుంచి ఎస్తోనియా మీద పడ్డారు. పోపుగారి దీవెనతో జరిగిన క్రూసేడు, అంటే మతయుద్ధం అది. ఈ యుద్ధం గురించి మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం లివోనియా (ఇప్పటి లాత్వియా, ఎస్తోనియా ప్రాంతం) హెన్రీ అనే పాదిరి లాటిన్‌లో రాసిన వృత్తాంతం. హెన్రీ సైన్యంతో పాటు తిరిగి, తన చేతుల్తో వేల మందికి బాప్తిస్మం ఇచ్చినవాడు. గెలిచినవాడి పక్షం. అయినా కళ్లారా చూసింది దాచుకోలేదు, అదే ఆయన గొప్ప.

ఆ వృత్తాంతంలో రెండు మూడు సంగతులు దగ్గర నుంచి చూద్దాం. విరుమా ప్రాంతంలో ఒక కొండ, దాని మీద అందమైన అడవి. ఎస్తోనియన్ల దేవుడు తరాపిత అక్కడే పుట్టి, అక్కడి నుంచి సారెమా దీవికి ఎగిరి వెళ్లాడని జనం చెప్పుకునేవాళ్లు. హెన్రీతో ఉన్న పాదిరి వెళ్లి అక్కడున్న దేవతల బొమ్మలను నరికాడు. చుట్టూ నిలబడ్డ జనం వాటిలోంచి నెత్తురు రాలేదేమిటని ఆశ్చర్యపోయారట. ఒక్క వాక్యమే రాశాడు హెన్రీ. ఆ వాక్యంలో ఆ పల్లె జనం లోపల ఏం విరిగిందో అంతా ఉంది.

ఇంకొకటి. జర్మన్లూ డేన్లూ ఇద్దరూ క్రైస్తవులే. కానీ బాప్తిస్మం ఎవరు ఇస్తే ఆ ఊరి పన్ను వాళ్లది. అందుకని పోటీ పడ్డారు. తమ పాదిర్లు చాలక, డేన్లు పల్లెటూరి వాళ్ల చేతికే పవిత్ర జలం ఇచ్చి చల్లి రమ్మన్నారు, ఊళ్లలో చెక్క సిలువలు పాతించారు. తాబెలిన్ అనే గ్రామపెద్ద అప్పటికే జర్మన్ల దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ నేరానికి డేన్లు అతన్ని ఉరి తీశారు. క్రైస్తవుడైనందుకే, వేరే క్రైస్తవుల చేతిలో.

మూడోది 1223 నాటి తిరుగుబాటు. జనం కోటల్లోని జర్మన్లను చంపి లేచారు. తర్వాత ఏం చేశారో హెన్రీ రాశాడు: ఇంతకుముందు వదిలేయాల్సి వచ్చిన భార్యలను మళ్లీ ఇంటికి తెచ్చుకున్నారు. చర్చి దొడ్లో పాతిపెట్టిన తమవాళ్ల శవాలను తవ్వి తీసి, పాత ఆచారం ప్రకారం దహనం చేశారు. తమ ఒళ్లూ ఇళ్లూ నీళ్లతో, చీపుళ్లతో కడుక్కున్నారు, బాప్తిస్మం పోవాలని. ఆ విడుదల ఎక్కువ కాలం నిలవలేదు. 1227 చలికాలంలో గడ్డకట్టిన సముద్రం మీదుగా సైన్యం సారెమాకు నడిచి వెళ్లింది. ముహు కోట రక్తపాతంతో, వాల్యాలా కోట లొంగుబాటుతో పడ్డాయి. తరాపితను వెళ్లగొట్టారని హెన్రీ రాసుకున్నాడు. కొండ నుంచి దీవికి పోయిన దేవుడికి ఇక పోవడానికి చోటు మిగల్లేదు.

ఇప్పుడు ఈ చరిత్రను ఒక బాప్టిస్టు పాస్టరు కళ్లతో చదవండి. కాథలిక్ చరిత్రకారుడైతే, పద్ధతి తప్పైనా ఫలితం మంచిదేగా అని సర్దుకోవచ్చు. జాతీయవాది అయితే, క్రైస్తవమంటేనే జర్మన్ బానిసత్వం అని కొట్టిపారేయొచ్చు. 1930లలో పాత దేవతలను మళ్లీ కొలుద్దామని ఎస్తోనియాలో కొందరు మేధావులు ఒక ఉద్యమమే నడిపారు. బాప్టిస్టుకు ఈ రెండు దారులూ మూసుకుపోయాయి. క్రీస్తును ఆయన వదలడు. కత్తి మొనతో ఇచ్చింది బాప్తిస్మమని మాత్రం ఒప్పుకోడు. ఆయన లెక్కలో చీపురుతో కడిగేసుకున్న ఆ రైతు పోగొట్టుకున్నదేమీ లేదు, ఎందుకంటే అతనికి ఇచ్చింది ఏమీ లేదు. కాబట్టి ఓడిపోయిన ఆ అన్యమతస్థుల పక్షాన నిలబడి కథ చెప్పడంలో కాల్ముస్‌కు విశ్వాసం అడ్డు రాలేదు. విశ్వాసమే ఆయన్ని అక్కడ నిలబెట్టింది.

దీనికి తోడు, ఆ కథ రాస్తున్నది ఏ కాలంలో? 1956. తన ఊళ్లోకి ఇంకో సైన్యం వచ్చి, ఇంకో సిద్ధాంతాన్ని నెత్తిన రుద్ది, ఒప్పుకోనివాళ్లను సైబీరియాకు పంపిన గాయం ఇంకా పచ్చిగా ఉన్న కాలం. 1949 మార్చిలో ఇంకో ఇరవై వేల మందిని తీసుకెళ్లారు. టాలిన్‌లో 1950లో విడివిడిగా ఉన్న స్వేచ్ఛా సంఘాలన్నిటినీ (బాప్టిస్టుల్లాంటి, లూథరన్ చర్చికి బయటి సంఘాలు) వాళ్ల ప్రార్థనా మందిరాల నుంచి ఖాళీ చేయించి, ఒలెవిస్తె అనే బ్రహ్మాండమైన పాత మధ్యయుగపు చర్చి ఒక్కదాంట్లోకి నెట్టారు. అదుపులో పెట్టడం సులభమని అలా చేశారు. ఆ సంఘం మాత్రం అక్కడే వేళ్లూనుకుంది. కెయిలా సెమినరీలో బోధించిన ఓస్వాల్డ్ తార్క్ దేశం విడవకుండా ఉండిపోయి, ఆ ఒలెవిస్తెలో ఏళ్ల తరబడి ప్రసంగించారు. వెళ్లినవాళ్లు గొప్పా, ఉన్నవాళ్లు గొప్పా అని తూకం వేయడం నాకు ఇష్టం ఉండదు. ఒకాయన అక్కడ నోటితో చేసిన పనే, ఇంకొకాయన అమెరికాలో కలంతో చేశారు.

నవలను అది రాసిన నాటి రాజకీయానికి ముసుగని మాత్రం చదవకండి. చాలామంది విమర్శకులు ప్రవాస రచయితల చారిత్రక నవలలన్నిటినీ అలాగే చదువుతారు, జర్మన్ నైటు (గుర్రపు యోధుడు) కనిపిస్తే రష్యన్ కమిసార్ (సోవియట్ పార్టీ అధికారి) అని పక్కన రాసుకుంటారు. అలా చదివితే చరిత్రకూ కళకూ రెండింటికీ అన్యాయం జరుగుతుంది. 13వ శతాబ్దపు రైతు దుఃఖం అతని సొంత దుఃఖం.

సోవియట్ ఎస్తోనియాలో ఇలాంటి ప్రవాస పుస్తకాలు లైబ్రరీల ప్రత్యేక గదుల్లో తాళాల వెనక ఉండేవి, చదవాలంటే అనుమతి కావాలి. ఆయన పుట్టిన హియుమా దీవి కూడా సరిహద్దు ప్రాంతం కింద లెక్క, దేశంలోని వాళ్లకే పర్మిట్ లేకుండా ప్రవేశం లేదు. ఎవరైనా పడవెక్కి పారిపోతే అడుగుజాడలు తెలియాలని ఆ తీరాల్లో ఇసుకను దున్నినట్టు చదును చేసేవాళ్లు. 1980ల చివర్లో ఆ గదుల తాళాలు తీశారు. 1991 ఆగస్టు 20న దేశం మళ్లీ స్వతంత్రమైంది. అప్పటికి కాల్ముస్‌కు 85 ఏళ్లు. 2001లో, 95 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు. ఆ తరం ప్రవాస రచయితల్లో రిస్తికివి 1977లోనే పోయాడు, మారీ ఉందెర్ 1980లో. దేశం విడుదల కావడం చూసే భాగ్యం వాళ్లకు దక్కలేదు, ఈయనకు దక్కింది.

ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతారేమో కూడా చెప్పేస్తాను. ముందు లివోనియా హెన్రీ వృత్తాంతం చదవండి. ఇంగ్లిష్ అనువాదం 1961 నుంచీ ఉంది, దొరకడం కష్టం కాదు. సాగదీతలు ఉంటాయి, దాడులూ దోపిడీలూ ఒకేలా అనిపిస్తాయి, అవి వేగంగా దాటేయండి. తరాపిత కొండ, తాబెలిన్ ఉరి, 1223 తిరుగుబాటు, 1227 సారెమా, ఈ నాలుగు చోట్ల మాత్రం ఆగి చదవండి. ఆ తర్వాత కాల్ముస్ పుస్తకాల పేర్లు వరుసగా మళ్లీ ఒకసారి చూడండి. బైబిలు పాయకూ, ఎస్తోనియా పాయకూ మధ్య ఆయన ఎందుకు అటూ ఇటూ తిరిగారో మీకే తెలుస్తుంది. రెండు చోట్లా ఆయన అడుగుతున్నది ఒక్కటే: సామ్రాజ్యం ముందు నిలబడ్డ ఒంటరి మనిషి ఎవరి మాట వినాలి?